బియోట్ టీవీకెక్కిన ఏడాది: మన తెలుగు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. సర్వసభ్య సమావేశానికి వచ్చేముందే చదువుకుంటే ఆ రోజు చర్చకు తీరిక దొరుకుతుందని ముందుగా పంపుతున్నాం. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంపుతారు. ఇందులో చేసిన పనులు, చేయాలనుకుంటున్న పనులు మాత్రమే ఉన్నాయి.

నివేదికను నెలల వరసలో రాయడం మన అలవాటు. ఈసారి ఆ వరస పక్కన పెట్టాను. ఏడాదంతా మన ఇళ్లలో, బస్సుల్లో, వాట్సాప్ గ్రూపులో నలిగిన విషయం ఒకటుంది. ముందు దాని గురించే రాస్తాను. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మనం ఉంటున్న ఈ బియోట్ ఊరు టీవీలో వచ్చింది.

కెమెరా వచ్చిన రోజు

ఇళ్ల డిజైన్ మీద నడిచే ఒక టీవీ కార్యక్రమం వాళ్లు పాత ఊళ్లో ఒక రాతి ఇంటి మరమ్మతును మొదటి నుంచి చివరి దాకా చిత్రీకరించారు. కొండ మీది సందుల్లో తిరిగినవాళ్లకు అలాంటి ఇళ్లు తెలుసు. అంతస్తుకు ఒకే గది, నిలువు మెట్లు, పైకి వెళ్తే దూరంగా సముద్రం. కారు ఇంటి దాకా వెళ్లదు. ఇసుక, సున్నం, టైల్స్ అన్నీ చిన్న బండి మీదో, భుజం మీదో ఎక్కాల్సిందే. కిటికీ తలుపులకు రంగు మార్చాలన్నా మునిసిపాలిటీకి ముందు కాగితం పెట్టాలి. చారిత్రక కట్టడానికి 500 మీటర్ల లోపు ఉన్న ఇల్లయితే ప్రభుత్వ వారసత్వ ఆర్కిటెక్టు అభిప్రాయం కూడా కావాలి. ఈ నియమాల వల్లే ఊరు ఇంత అందంగా మిగిలింది. ఇల్లు బాగుచేసుకునేవాళ్లకు మాత్రం కాగితాల పని తడిసిమోపెడవుతుంది. టీవీ వాళ్లకు కావాల్సిన కథ కూడా అదే.

అందులోకి మనం ఎలా వచ్చామంటే, గత ఉగాదికి ఆర్కేడ్ల చౌక్‌లో ముగ్గులు వేస్తామని మునిసిపాలిటీని అనుమతి అడిగాం. మధ్యయుగం నాటి కమానుల కింద, కాఫీ బల్లల పక్కన ముగ్గులేమిటని వాళ్లు మొదట ఆశ్చర్యపోయారు. ఫొటోలు చూపించాక ఒప్పుకున్నారు. సంఘానికి బీమా ఉన్నట్టు పత్రం అడిగారు, ఇచ్చాం. అదే సమయంలో టీవీ బృందం 'ఊళ్లో ఏమైనా జరుగుతోందా' అని అడిగితే మన తేదీ చెప్పారట.

ఇంకేముంది, గ్రూపులో టెన్షన్ మొదలైంది. ఏ చీర కట్టాలన్నది తర్వాతి మాట, ముందు సంతకాలు కావాలి. ఈ దేశంలో మనిషి ముఖం టీవీలో చూపాలంటే ఆ మనిషి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి, ఆ బృందం ఇద్దరి సంతకాలూ కావాలంది. ఒకరేమో డ్యూటీ మీద వేరే ఊళ్లో, ఇంకొకరేమో ఇండియాలో. ముందురోజు అర్ధరాత్రి దాకా ఫారాలు స్కాన్ చేసి పంపిన మన ఉపాధ్యక్షుడి ఓపికకు ఇక్కడే కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

ముగ్గు వేయడం అనుకున్నంత సులువుగా సాగలేదు. చౌక్ నేల రాళ్లు పరిచిన నేల. బియ్యప్పిండి రాయి మీద నిలవకుండా సందుల్లోకి దిగిపోయింది. చుక్క పెడితే చుక్క మాయం. గీత లాగితే ఒక రాయి మీద కనిపిస్తుంది, పక్క రాయి మీద ఉండదు. అప్పుడు ఒక అక్కగారు, గుంటూరు నుంచి కోడలి కాన్పుకు వచ్చిన పెద్దావిడ, చుట్టూ చూసి "తలుపు చెక్కలేమైనా ఉన్నాయా నాయనా?" అన్నారు. ఆ ఇంటి మరమ్మతుకు తెచ్చిన ప్లైవుడ్ పలకలు సందు చివర ఉన్నాయి. అడిగితే వడ్రంగులు తామే మోసుకొచ్చి పరిచారు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి వదులుతూ మెలికల ముగ్గు ఎత్తకుండా ఒకే గీతలో ముగించారు. కెమెరా ఆవిడ చేతి దగ్గరే ఉండిపోయింది. వడ్రంగుల్లో ఒకతను తన పెన్సిల్ తీసి, ఆ మెలికను పక్క పలక మీద గీయబోయి దారి తప్పి నవ్వేశాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని చుక్క చుక్కకూ తిప్పించారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఈ దృశ్యం టీవీలో రాలేదు. మన ముగ్గులు కార్యక్రమంలో కనిపించినది కన్నార్పినంతసేపే, అదీ పైనుంచి తీసిన షాట్‌లో. చాలామంది నొచ్చుకున్నారు, సహజమే. అందుకే దాన్ని ఇక్కడ నాలుగు మాటల్లో రాసి పెడుతున్నాను. సంఘం రికార్డులో అయినా ఉండాలి.

అందరం కలిసి చూసిన సాయంత్రం

కార్యక్రమం డిసెంబరులో ప్రసారమైంది. ఎవరింట్లో వాళ్లం చూడటం కంటే హాల్లో తెర కట్టి కలిసి చూద్దామని కార్యవర్గం అనుకుంది. ఇరుగుపొరుగు ఫ్రెంచి కుటుంబాలను కూడా పిలవాలని పట్టుబట్టింది మన అధ్యక్షురాలు. ఈ ఏడాది సంఘం చేసిన మంచి పనుల్లో అది ఒకటని నా అభిప్రాయం. పులిహోర, పునుగులు మనవి. ఉల్లిపాయలు పరిచి కాల్చిన పిస్సలదియేర్ వాళ్లది. పునుగులు ముందు అయిపోయాయి.

తెర మీద ఊరు కనిపించగానే పిల్లలు కేకలు పెట్టారు. "అదిగో మన బేకరీ!", "నాన్నా, మనం పడ్డ మెట్లు!" పెద్దవాళ్లం కూడా ఏమీ తక్కువ తినలేదు. రోజూ నడిచే వీధే అయినా డ్రోన్ పైనుంచి చూపిస్తే ఎర్ర పెంకుల కప్పులు, వాటి చుట్టూ ఆలివ్ చెట్లు, అవతల సముద్రం కొత్తగా కనిపించాయి. ఆ రాత్రి హైదరాబాద్, విశాఖ, వరంగల్ నుంచి ఫోన్లే ఫోన్లు. 'మీరుండేది ఆ ఇంట్లోనేనా?' అని. కాదని చెప్పాల్సి వచ్చింది. మనలో ఎక్కువమంది ఉండేది కొండ కింది అపార్టుమెంట్లలో, మనవాళ్ల ఆఫీసులుండే టెక్ పార్కు సోఫియా ఆంటిపోలిస్‌కు బస్సు దొరికే చోట్లలో. ఆ అపార్టుమెంట్లు కూడా బియోటే. టీవీలో మాత్రం రావు.

టీవీ చూపించినదాంట్లో అబద్ధం లేదు, లోపం ఉంది. రాయి, రంగు, వెలుతురు బాగా చూపించారు. ఊరు ఇలా ఎందుకుందో చెప్పలేదు. ఈ మధ్యే వచ్చి చేరిన కుటుంబాల కోసం ఆ కథ కొంత ఇక్కడ రాస్తున్నాను. చరిత్ర మ్యూజియంకు మనం చేసిన సందర్శనలో విన్నవీ, తర్వాత చదివినవీ ఇవి.

బియోట్ ఆంటీబ్‌కూ నీస్‌కూ మధ్య, సముద్రానికి కాస్త లోపలగా, కొండ మీద ఉన్న ఊరు. జనాభా సుమారు 10,000. 1209లో ఇక్కడి భూములు టెంప్లర్లనే క్రైస్తవ యోధ సన్యాసుల చేతికి వచ్చాయి. ఆ తర్వాతి కాలంలో ప్లేగు, యుద్ధాలు కలిసి ఊరిని ఖాళీ చేశాయి. 1470లో ప్రోవాన్స్ ప్రభువు రెనే రాజు, ఇటలీ వైపు లిగూరియా తీరంలోని ఒనేలియా ప్రాంతం నుంచి కుటుంబాలను పిలిపించి, భూములూ హక్కులూ ఇచ్చి ఊరిని మళ్లీ నిలబెట్టాడు. అంటే ఈరోజు టీవీలో అందరూ మురిసిపోతున్న ఈ పాత ఊరు, పొట్ట చేతబట్టుకుని వేరే చోటు నుంచి వచ్చినవాళ్ల చేతుల్లో రెండోసారి పుట్టింది. వాళ్ల మాట వేరు, వంట వేరు. ఈ సంగతి హాల్లో చెప్పినప్పుడు మన పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్లకు కూడా బుధవారం సొంత భాష క్లాసులు ఉండేవా?"

ఆ వచ్చినవాళ్లు, వాళ్ల తర్వాతి తరాలు ఈ నేలలోని మట్టితో జాడీలు చేశారు. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఊరికి కూడు పెట్టినవి అవే. మనిషి నడుము ఎత్తు జాడీ. లోపల పసుపు రంగు గ్లేజు, బయట వట్టి మట్టి. మన ఆవకాయ జాడీకి లోపలి నునుపు ఎందుకో దీనికీ అందుకే, నూనె పీల్చుకోకుండా. ఆలివ్ నూనె నింపుకుని ఈ జాడీలు ఆంటీబ్ రేవు నుంచి ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లేవి. అంత పెద్ద జాడీని చక్రం మీద లేపలేరు. చెక్క అచ్చుకు తాడు చుట్టి, ఆ తాడు మీద మట్టి మెత్తి, ఆరాక తాడును లోపలి నుంచి లాగేసేవారు. మ్యూజియంలో ఒక జాడీలోకి తొంగి చూస్తే ఆ తాడు గుర్తులు వరసగా కనిపించాయి. మన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తల లోపల పెట్టి చూశారు, పెద్దవాళ్లం మర్యాదగా చివర చూశాం.

గాజు దగ్గర

టీవీలో కొత్త ఇంటి వంటగది అలమరలో వరసగా పెట్టిన బుడగల గాజు గ్లాసులు మీరందరూ చూసే ఉంటారు. ఆ గ్లాసులు బియోట్‌ను ప్రపంచానికి తెలిపాయి. 1956లో ఎలోయ్ మోనో అనే సిరామిక్ నిపుణుడు ఇక్కడ వెర్రరీ ద బియోట్ అనే గాజు కార్ఖానా మొదలుపెట్టాడు. గాజులో బుడగ అంటే అంతకు ముందు లోపం. సరుకు పక్కన పడేసేవారు. ఆయన ఆ బుడగనే కావాలని తెప్పించాడు.

ఎలా తెప్పిస్తారో మన పిల్లలు దగ్గర నుంచి చూసేలా ఊళ్లోని ఒక గాజు వర్క్‌షాపుతో మాట్లాడి ఒక ఉదయం ఏర్పాటు చేశాం. కార్యక్రమం ప్రసారమయ్యాక వచ్చిన ఉత్సాహం చల్లారకముందే చేయాలన్నది మా ఆలోచన. కొలిమి నోరు తెరవగానే ముందు వరసలో ఉన్నవాళ్లందరం ఒక అడుగు వెనక్కి వేశాం. లోపల వేడి 1,000 డిగ్రీల పైమాటే. పనివాడు బోలుగా ఉన్న ఇనుప గొట్టం లోపల పెట్టి తిప్పి, కరిగిన గాజు ముద్దను పైకి తీశాడు. ఆ ముద్ద కిందికి జారకుండా గొట్టం తిప్పుతూనే ఉండాలి, ఒక్క క్షణం ఆపితే పక్కకు వాలిపోతుంది. దాని మీద సోడా పొడి అద్ది, మళ్లీ కొలిమిలో ముంచి రెండో పొర ఎక్కించాడు. ఆ రెండు పొరల మధ్య సోడా వేడికి వాయువు వదులుతుంది. అది బయటికి పోలేక బుడగలై ఉండిపోతుంది. గొట్టంలోకి ఊది, తడి చెక్క దొప్పలో దొర్లించి, ఇనుప పటకారుతో నోరు విప్పేసరికి గ్లాసు తయారైంది. కానీ ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. రాత్రంతా వేరే పొయ్యిలో మెల్లగా చల్లారాలి, తొందరపెడితే పగిలిపోతుంది.

టీవీలో దీనంతటికీ దొరికింది ఒక చిన్న షాట్, వెనక సంగీతం. ఆ పనివాడి ముంజేతుల మీద కాలిన మచ్చలు చూసి ఒక పాప "నొప్పి పుట్టదా అంకుల్?" అని తెలుగులోనే అడిగేసింది. వాళ్లమ్మ తర్జుమా చేస్తే ఆయన, మొదటి ఏడాది పుట్టేది, ఇప్పుడు గ్లాసు పగిలితేనే నొప్పి అన్నాడు. ఆయన తీరిక చేసుకుని చెప్పినందుకు మన సంఘం తరఫున ఒక బుట్ట అరిసెలు పంపాం.

ఇదే వరసలో చిత్రకారుడు ఫెర్నాన్ లెజే పేరిట ఉన్న మ్యూజియంకు కూడా ఒక బృందం వెళ్లింది. ఆ చిత్రకారుడు 1955లో పోయాడు. భార్య నదియా, సహచరుడు జార్జ్ బోకియే కలిసి కట్టించిన ఈ మ్యూజియం 1960లో తెరుచుకుంది, తర్వాత జాతీయ మ్యూజియం అయింది. గోడ మీది ఆ పెద్ద రంగుల మొజాయిక్ బస్సులోంచి చూసినవాళ్లే మనలో ఎక్కువ, లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ. ఐరోపా సమాఖ్యలో నివసించే 26 ఏళ్లలోపు వాళ్లకు జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. విద్యార్థులు, ముఖ్యంగా సోఫియాలోని ఇంజినీరింగ్ విద్యాసంస్థ యూరెకామ్‌లో చదువుతున్నవాళ్లు, ఇది గుర్తుపెట్టుకోండి.

టీవీ చెప్పనిది, మనం మరవకూడనిది

హాల్లో కార్యక్రమం అయిపోయాక చప్పట్లు మోగుతుండగా ముందు వరసలో కూర్చున్న ఒక ఫ్రెంచి పెద్దావిడ లేచారు. బాగా తీశారు, సంతోషం, కానీ బ్రాగ్ వాగు వరద గురించి ఒక్క మాట లేదు అన్నారు. మన సభ్యురాలొకరు పెద్దవాళ్ల కోసం ఆ మాటలను తెలుగులో చెబుతూ వచ్చారు. హాలు నిశ్శబ్దమైపోయింది.

2015 అక్టోబరు 3, శనివారం సాయంత్రం. రెండు మూడు గంటల్లో కురిసిన వానకు ఈ తీరమంతా మునిగింది. మొత్తం 20 మంది చనిపోయారు. మామూలు రోజుల్లో పిల్లలు చెప్పులు తడవకుండా దాటగలిగే బ్రాగ్ వాగు బియోట్ కింది భాగాన్ని ముంచెత్తింది. వృద్ధుల ఆశ్రమంలోకి నీళ్లు వచ్చి ముగ్గురు వృద్ధులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇదే తీరంలో ఉన్న మాందెల్యూ ఊళ్లో కార్లు కాపాడుకుందామని నేలమాళిగ గ్యారేజీల్లోకి దిగినవాళ్లు తిరిగి రాలేదు. ఆ తర్వాత వాగు ఒడ్డున ప్రమాదం ఎక్కువున్న కొన్ని స్థలాలను కొని, కట్టడాలను తీసేయించారు. ఈరోజు అక్కడ గడ్డి మొలిచిన ఖాళీ జాగాలు కనిపిస్తే, అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. అద్దె తక్కువ, బస్సు దగ్గర అని మనవాళ్లు ఇళ్లు తీసుకునేది కూడా ఆ చుట్టుపక్కలే.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది దీనికి సంబంధించినదే. వానాకాలం మొదలవుతుండగా, సెప్టెంబరులో, మన వాలంటీర్లు ప్రభుత్వ హెచ్చరికల సూచనలను తెలుగులోకి తెచ్చారు. ఇక్కడ జడివానలు మన జులైలో కాకుండా సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. ఇక్కడి వాతావరణ శాఖ మెతెయో-ఫ్రాన్స్ ఆరెంజ్ రంగు ప్రకటిస్తే జాగ్రత్త, ఎరుపు ప్రకటిస్తే ఇల్లు కదలకూడదు. నేలమాళిగలోకి కారు కోసం వెళ్లకూడదు. నీళ్లు పారుతున్న రోడ్డు మీద కారు నడపకూడదు. బడికి పిల్లల కోసం పరుగెత్తకూడదు, టీచర్లే వాళ్లను భద్రంగా చూసుకుంటారు. ఈ చివరి సూచన దగ్గర చర్చ గట్టిగా జరిగింది. ఏ తల్లి ఊరుకుంటుంది? కానీ దారిలో చిక్కుకున్న తల్లి వల్ల బిడ్డకు మేలు లేదని చివరికి అందరూ ఒప్పుకున్నారు.

కాగితం మీద రాస్తే సరిపోదని వెంటనే తేలింది. మన ఇళ్లలో ఇండియా నుంచి కొన్ని నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ఉంటారు. పగలు పిల్లలు ఆఫీసుకూ మనవలు బడికీ వెళ్లాక వాళ్లు ఒంటరిగా ఉంటారు. ఫోన్‌లో ఫ్రెంచిలో హెచ్చరిక మోగితే వాళ్లకు ఏం అర్థమవుతుంది? అందుకని సూచనలన్నీ తెలుగులో వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేశాం. గోదావరి యాసలో ఒకటి, వరంగల్ యాసలో ఒకటి. రెండోది ఎక్కువమంది ఇష్టపడ్డారు, చెప్పిన గొంతు అలాంటిది. అత్యవసర సాయానికి పిలిచే 112 నంబరు కాగితం మీద పెద్దగా రాసి తలుపు వెనక అతికించాం. పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ, ఆ దగ్గర్లోనే ఇంటి నుంచి పని చేసే ఒకరిని జత కలిపాం.

ఈ శరదృతువులో ఆరెంజ్ హెచ్చరిక వచ్చిన రోజు ఈ ఏర్పాటు మొదటిసారి పని చేసింది. జత కలిసినవాళ్లంతా ఫోన్లు చేశారు. ఒక పిన్నిగారు మిద్దె మీద ఆరేసిన వడియాల కోసం కిందికీ పైకీ తిరుగుతున్నారని తెలిసి, పక్క బ్లాకు అబ్బాయి వెళ్లి వడియాలు తనే ఎత్తి, ఆవిడను లోపల కూర్చోబెట్టి టీ పెట్టించుకుని తాగి వచ్చాడు. ఆ రోజు ఏ ప్రమాదమూ జరగలేదు. ఈ సంగతంతా హాల్లో విన్న ఆ ఫ్రెంచి పెద్దావిడ, ఆ సూచనల కాగితం తనకూ ఒకటి కావాలన్నారు. తెలుగు కాగితం అని చెప్పినా తీసుకెళ్లారు, మునిసిపాలిటీలో చూపిస్తానని.

పండుగలు, తరగతులు

వీటి గురించి క్లుప్తంగా రాస్తాను, ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి.

వినాయక చవితికి ఊరి కుమ్మరి దగ్గర మట్టి తెచ్చి పిల్లలే విగ్రహాలు చేశారు. సముద్రంలో కలపకుండా తొట్టెలో నిమజ్జనం చేసి, ఆ మట్టినే మొక్కలకు వేశాం. బతుకమ్మకు తంగేడు దొరకదు, గన్నేరు మాత్రం రోడ్ల పక్కన కావాల్సినంత. చామంతులు కొనడానికి వెళ్తే పూల దుకాణం ఆవిడ, ఎవరు పోయారని జాలిగా అడిగారు. ఈ దేశంలో చామంతి నవంబరు 1న సమాధుల మీద పెట్టే పువ్వు. పండుగకని చెప్పాక నమ్మడానికి కాస్త సమయం పట్టింది, ఆ సాయంత్రం ఆవిడే చూడటానికి వచ్చారు. దీపావళికి ఈసారీ దీపాలే, పటాసులు లేవు. ఎండు అడవులు పక్కన పెట్టుకుని టపాకాయలు కాల్చే ఊరు కాదిది. సంక్రాంతికి మిమోసా పూసింది. బొమ్మల కొలువు మెట్లకు బంతిపూల బదులు ఆ పసుపు పూల కొమ్మలు కట్టాం. పూల రేణువు పడనివాళ్లు తుమ్ముతూనే పేరంటం కానిచ్చారు.

బుధవారం మధ్యాహ్నం తెలుగు తరగతులు సాగుతున్నాయి. బడులు లేని పూట కావడంతో హాజరు బాగుంది. గుణింతాలు దాటిన పిల్లలకు చదవడానికి పుస్తకాలు చాలడం లేదు. ఇండియా వెళ్లేవాళ్లు పచ్చళ్లతో పాటు సూట్‌కేసులో నాలుగు బొమ్మల కథల పుస్తకాలకు చోటు పెట్టండి.

సెప్టెంబరులో ఊరి సంఘాలన్నీ బల్లలు వేసుకునే రోజున మొదటిసారి మనమూ బల్ల వేశాం. జూడో క్లబ్బుకూ, ఇనుప గుండ్లు విసిరి ఆడే పెటాంక్ ఆట క్లబ్బుకూ మధ్య చోటిచ్చారు. ముగ్గు బల్ల దగ్గర పిల్లల వరస తగ్గలేదు.

వచ్చే ఏడాది సంగతి

ఇక్కడ కార్యవర్గంలోనే రెండు అభిప్రాయాలున్నాయి, దాచాల్సిన పని లేదు. టీవీలో పేరొచ్చింది కాబట్టి నీస్‌లో పెద్ద హాలు తీసుకుని, ఇండియా నుంచి కళాకారులను పిలిపించి భారీగా ఉగాది చేద్దామని కొందరన్నారు. ఆ ముచ్చట తప్పు కాదు. కానీ కార్యదర్శిగా నా మాట వేరు. మన డబ్బు, మన శనివారాలు రెండూ తక్కువే. వాటిని ఈ ఊళ్లోనే ఖర్చు పెట్టాలి. చౌక్‌లో ప్లైవుడ్ పలక మీద వేసిన ముగ్గు వల్ల మనకు తెలిసిన మనుషులు, ఇన్నేళ్లుగా తలుపులు మూసుకుని చేసుకున్న పండుగల వల్ల తెలియలేదు. ఊరి వాళ్లు మనల్ని ఇప్పుడు పేరుపెట్టి పలకరిస్తున్నారు. అది నిలవాలంటే ఊరి పనుల్లో మన చెయ్యి కనిపించాలి.

అందుకే సమావేశంలో ఓటుకు పెడుతున్న మొదటి ప్రతిపాదన, వరద హెచ్చరిక బృందాన్ని శాశ్వత ఉపసంఘంగా మార్చడం. దానికి ఏటా కొంత సొమ్ము కేటాయించాలి. సూచనల కాగితాన్ని తమిళ, హిందీ మిత్రులకూ ఇవ్వాలి, వాళ్లూ అడుగుతున్నారు. రెండోది, పిల్లల కోసం గాజు, మట్టి వర్క్‌షాపులను బడి సెలవుల్లో క్రమంగా నడపడం. ఇందులో మన పిల్లలతో పాటు ఊరి పిల్లలకూ సమానంగా చోటుండాలి. మూడోది వచ్చే ఉగాది ముగ్గులు మళ్లీ ఆర్కేడ్ల చౌక్‌లోనే, ఈసారి కెమెరా ఉన్నా లేకున్నా. పలకలు మనమే కొనుక్కుందాం, నల్లరంగు వేసి దాచుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. సభ్యత్వ రుసుము పెంచాలన్న ఆలోచన లేదు.

1901 జులై 1 నాటి ఫ్రెంచి సంఘాల చట్టం కింద నమోదైన సంఘం కాబట్టి మన నియమావళి ప్రకారం ఓటు వేయడానికి ఈ ఏటి రుసుము కట్టి ఉండాలి. రాలేనివాళ్లు ఇంకొక సభ్యుడికి రాతపూర్వకంగా అధికారం ఇవ్వొచ్చు, ఫారం కోశాధికారి దగ్గర ఉంది. కార్యవర్గంలో ఇద్దరు ఉద్యోగాల రీత్యా ఊరు మారుతున్నారు. ఆ రెండు చోట్లకు, ముఖ్యంగా వరద బృందాన్ని నడిపే బాధ్యతకు, కొండ కింద ఉండేవాళ్లలో ఎవరైనా ముందుకొస్తే బాగుంటుంది. పేర్లు సమావేశానికి వారం ముందు అందాలి. హాలు సర్దడానికి సాయం చేసేవాళ్లు గంట ముందు రండి. పునుగుల పిండి రుబ్బే పని ఈసారి ఎవరిదో ఇంకా తేలలేదు.

మీ
కార్యదర్శి